ఆ సంతకం ఎవరిది?

టీకా ప్రయోగాల్లో పేదలను, గిరిజనులను కలుపుకోవాలా, వద్దా? వదిలేస్తే ఆ మందు వాళ్లకు పనిచేస్తుందో లేదో తెలియదు. సరిగ్గా అడక్కుండా సూది వేస్తే ఏమవుతుందో భద్రాచలం మన్యం ఒకసారి చూసింది. ఈ రెండింటి మధ్య దారేది?

మొత్తం 9,543 కాగితాలు. అన్నీ అంగీకార పత్రాలే. 'మా అమ్మాయికి ఈ టీకా వేయడం మాకు సమ్మతమే' అంటూ తల్లిదండ్రులు సంతకం చేసి ఇవ్వాల్సినవి. వాటిలో 1,948 కాగితాల మీద సంతకాల్లేవు, వేలిముద్రలున్నాయి. మరో 2,763 కాగితాల మీద సంతకమైతే ఉంది. కానీ అది అమ్మదీ కాదు, నాన్నదీ కాదు. హాస్టల్ వార్డెన్‌ది!

కన్నవాళ్లేమో అడవి అంచున పల్లెలో. పిల్లేమో ఆశ్రమ పాఠశాలలో. ఆ ఇద్దరి మధ్యా తిరగాల్సిన కాగితం, వార్డెన్ బల్ల మీదే ఆగిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ లెక్కలు బయటపెట్టింది. ఇంతకీ ఆ టీకా ఏమిటి? ఆ పిల్లలెవరు?

భద్రాచలంలో జరిగింది...

2009 జులై. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ఆడపిల్లలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు. దాదాపు 14 వేల మంది పిల్లలు. ఒక్కొక్కరికి మూడు డోసులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా అది. అమెరికాకు చెందిన 'పాత్' అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే మరొకటి మొదలైంది.

నిజానికి ఆ టీకా అవసరం మన దేశానికి చాలా ఉంది. ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలు కొత్తగా ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. 75 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోతున్నారు. సకాలంలో పరీక్ష చేయించుకునే స్తోమతు, వీలు లేని పేద ఇళ్ల ఆడవాళ్లకే ముప్పు ఎక్కువ. కాబట్టి మన్యం పిల్లలకు టీకా వేయాలనుకోవడం తప్పు కాదు. తేడా వచ్చింది అడిగిన తీరులోనే.

2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య బృందం సభ్యులు భద్రాచలం ప్రాంతానికి వెళ్లి పిల్లలతో, పెద్దలతో మాట్లాడారు. టీకా వేయించుకున్న వారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు పెద్దసంఖ్యలో ఉన్నారనీ, అది ఏ జబ్బుకో, ఎందుకో చాలా కుటుంబాలకు సరిగా తెలియదనీ వాళ్లు బయటపెట్టారు. అదే సమయంలో, టీకా వేయించుకున్న వారిలో కొందరు పిల్లలు మరణించారన్న వార్త గుప్పుమంది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం కార్యక్రమాన్నే ఆపేసింది.

ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉండకపోవచ్చని కేంద్రం వేసిన విచారణ సంఘం తేల్చింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటివి కారణాలుగా నమోదయ్యాయి. అయినా గూడేల్లో ఆ మాట నమ్మిందెవరు? ముందు ఏమీ చెప్పని వాళ్లు తర్వాత వచ్చి ఏం చెప్పినా నమ్మడం కష్టమే కదా! 'టీకాకు అప్పటికే అనుమతి ఉంది, ఇది ప్రయోగం కాదు, టీకా కార్యక్రమం ఎలా నడపాలో చూసే అధ్యయనం మాత్రమే' అని పాత్ సంస్థ వాదించింది. పార్లమెంటు సంఘం ఒప్పుకోలేదు. పేరేదైనా జరిగింది ప్రయోగమేనని తేల్చి చెప్పింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాతీయ టీకాల కార్యక్రమంలో హెచ్‌పీవీకి చోటు దొరకడం మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడింది.

వదిలేస్తే సరిపోతుందా?

ఇదంతా చూశాక, 'పాపం, పేదల జోలికి వెళ్లకుండా ప్రయోగాలేవో పట్నాల్లోనే చేసుకోవచ్చుగా' అనిపిస్తుంది. కానీ అక్కడే ఉంది అసలు చిక్కు.

పసిపిల్లల్లో న్యుమోనియానూ, మెదడు పొరల వాపునూ తెచ్చే 'హిబ్' అనే బ్యాక్టీరియా ఉంది. ఇప్పుడు మన పిల్లలకు వేసే పెంటావాలెంట్ టీకాలోని అయిదు రక్షణల్లో ఒకటి దీనికోసమే. 1980ల్లో దీనికి ఓ టీకా తయారైంది. ఫిన్లాండ్‌లో పరీక్షిస్తే 94 శాతం రక్షణ కనిపించింది. భేష్ అనుకున్నారు. అదే టీకాను అమెరికాలోని అలాస్కాలో ఆదివాసీ పిల్లలకు వేసి చూస్తే 35 శాతమే! రెండు ఫలితాలూ 1990లోనే అచ్చయ్యాయి. అలాస్కా పల్లెల్లో ఆ జబ్బు పిల్లలకు పుట్టిన కొన్ని నెలలకే వచ్చేస్తుంది. ఈ టీకా బలం పుంజుకునేదేమో రెండు మూడు డోసులు పడ్డాక. ఈలోగానే జబ్బు ముందుకొచ్చి కూర్చుంటోంది. ఫిన్లాండ్ లెక్కను నమ్ముకుని ఊరుకుంటే, జబ్బు ఎక్కువగా ఉన్న పిల్లలకే ఆ టీకా అక్కరకు రాకుండా పోయేది.

మన పొరుగునా ఇలాంటి ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో 1950ల్లో బడిపిల్లల మీద జరిపిన అధ్యయనంలో బీసీజీ టీకా క్షయ నుంచి దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చింది. తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో 1968లో రెండున్నర లక్షల మందికి పైగా చేరిన భారీ అధ్యయనం మొదలైంది. పెద్దవాళ్లలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోతోందని తేలింది. పసిపిల్లల్లో తీవ్రమైన క్షయను అడ్డుకుంటుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు. కానీ 'బీసీజీ ఉందిగా, క్షయ భయం లేదు' అని ఎవరూ అనుకోకూడదని చెప్పింది ఆ పల్లె జనమే.

తిండి, నీళ్లు, కడుపులోని క్రిములు, అప్పటికే వచ్చిపోయిన జబ్బులు... ఇవన్నీ టీకా పనితీరును మారుస్తాయి. పిల్లల్లో తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు వేసే చుక్కలూ అంతే. సంపన్న దేశాల్లో 85 శాతానికి పైగా రక్షణ ఇచ్చినవి, ఆఫ్రికా, ఆసియాల్లోని పేద దేశాలకు వచ్చేసరికి సుమారు సగానికి తగ్గిపోయాయి. అందుకే ప్రయోగంలో లేని మనిషి, టీకా లెక్కలోనూ లేనట్టే!

కాదనగలిగితేనే... ఔనంటారు

మరి వాళ్లను నొప్పించకుండా కలుపుకోవడం సాధ్యమేనా? సాధ్యమేనని చేసి చూపిన వాళ్లున్నారు.

అలాస్కాలో తడబడిన హిబ్ టీకా కథకు అమెరికాలోనే మరో చోట మంచి ముగింపు దొరికింది. నవాహో ఆదివాసీల నేల మీద భారత సంతతి వైద్యుడు మతురం సంతోషం బృందం ఇంకో రకం హిబ్ టీకాను పరీక్షించింది. రెండో నెలలో వేసే తొలి డోసుకే స్పందన మొదలయ్యే రకం అది. అయిదు వేల మందికి పైగా పసివాళ్లు చేరారు. 1991లో వచ్చిన ఫలితం... 95 శాతం రక్షణ! జబ్బు ఎవరికి ఎక్కువో వాళ్ల దగ్గరే వెతికితే, వాళ్లకు పనికొచ్చే మందు దొరికింది.

నవాహోల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. తమ నేల మీద ఏ పరిశోధన జరగాలన్నా పరిశీలించి అనుమతించే సొంత మండలి వాళ్లకుంది. 1996 నుంచీ పనిచేస్తోంది. జన్యు పరిశోధనలు తమకు ఇష్టం లేదనిపించి, 2002లో వాటికి అడ్డుకట్ట వేశారు. అదే నేల మీద 2020లో కొవిడ్ టీకా ప్రయోగానికి చోటిచ్చారు. వద్దనుకున్నదానికి వద్దన్నారు, కావాలనుకున్నదానికి సరేనన్నారు. కాదనే హక్కు ఉన్నచోటే ఔనన్న మాటకు విలువ!

ఆ హక్కు లేనిచోట ఏమవుతుందో కూడా అమెరికాయే చెబుతుంది. అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి పేదలకు సిఫిలిస్ జబ్బు ఎలా ముదురుతుందో చూడటానికి, మందు దొరుకుతున్నా ఇవ్వకుండా ఉంచారు. అది టీకా ప్రయోగం కాదు. కానీ ఆ గాయం తరాలు దాటినా మానలేదు. 2020 సెప్టెంబరులో మోడెర్నా సంస్థ తన కొవిడ్ టీకా ప్రయోగంలో నల్లజాతీయులు, ఇతర మైనారిటీలు తగినంత మంది చేరడం లేదని గుర్తించి, మిగతా వారిని చేర్చుకునే వేగాన్ని తగ్గించాల్సి వచ్చింది.

మన దగ్గరా మంచి ఉదాహరణలున్నాయి. కలరా ఎవరికి వస్తుంది? మురుగు పక్కన, కుళాయి కోసం బారులు తీరే బస్తీల్లో. అందుకే కలరా టీకాను 2006లో కోల్‌కతా మురికివాడల్లోనే పరీక్షించారు. దాదాపు 67 వేల మంది పాల్గొన్నారు. అయిదేళ్లపాటు గమనిస్తే 65 శాతం రక్షణ ఉందని తేలింది. ఆ టీకాను తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్. అలాగే ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసివాళ్లతో జరిగిన ప్రయోగంలో, హైదరాబాద్‌లోనే తయారైన రోటావ్యాక్ చుక్కలు తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాది 56 శాతం రక్షణ ఇచ్చాయి. సంపన్న దేశాల లెక్క పక్కన ఇది చిన్న అంకెలా కనిపించవచ్చు. కానీ ఇది మన పిల్లల లెక్క. అందుకే 2016లో ప్రభుత్వం ఆ చుక్కల్ని ఉచితంగా వేయడం మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

గడప దగ్గరే అడ్డంకులు

అయినా సరే, మారుమూల మనిషి ప్రయోగం దాకా రావాలంటే ఎన్నో గడపలు దాటాలి.

మొదటిది భాష. అంగీకార పత్రమంటే పేజీలకు పేజీలు. ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి తెలుగు పత్రం ఇస్తే సగమే అర్థమవుతుంది. 'ప్రతికూల ప్రభావం', 'స్వచ్ఛంద భాగస్వామ్యం' లాంటి మాటలు తెలుగువాళ్లకే కొరుకుడు పడవు. పైగా ప్రయోగమంటే లాటరీ లాంటిది. కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడిందో వేసేవాళ్లకూ తెలియదు. ఈ సంగతి విడమరిచి చెప్పకపోతే, జనం దాన్ని వైద్యమనే అనుకుంటారు.

రెండోది కూలి. ప్రయోగమంటే ఒక్క సూదితో అయిపోదు. నెలల తరబడి మళ్లీ మళ్లీ రావాలి, రక్తం ఇవ్వాలి, జ్వరమొస్తే ఫోన్ చేయాలి. కొవాగ్జిన్ తొలిదశ పరీక్షలు 2020లో మన దగ్గర జరిగింది హైదరాబాద్ నిమ్స్‌లో. అలాంటి ఆసుపత్రికి ఏజెన్సీ పల్లె నుంచి రావాలంటే రెండు రోజుల పని పోతుంది. పనుల కోసం వలస వెళ్లేవాళ్లను మధ్యలో వెతికి పట్టుకోవడం ఇంకా కష్టం. దాంతో 'వీళ్లు మధ్యలో మానేస్తారు' అని ముందే పక్కన పెట్టేయాలనిపిస్తుంది.

మూడోది అర్హతల జల్లెడ. ప్రయోగాలకు ఎక్కువగా పూర్తి ఆరోగ్యవంతుల్నే తీసుకుంటారు. కానీ మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువంటూ పక్కన పెడితే ఇక మిగిలేదెవరు? గర్భిణుల సంగతీ అంతే. కొవిడ్ టీకాల తొలి ప్రయోగాల్లో వాళ్లకు చోటే లేదు. మన దేశంలో వాళ్లకు టీకా వేయించుకునే వీలు 2021 జులైలో గానీ రాలేదు. ఆలోగా రెండో ఉద్ధృతి వచ్చి వెళ్లిపోయింది.

నాలుగోది డబ్బు. దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వకపోతే పేదలు రాలేరు. మరీ ఎక్కువ ఇస్తే డబ్బు కోసమే వస్తారు. 2011లో పిడుగురాళ్ల ప్రాంతానికి చెందిన పేద మహిళలు హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు ఒళ్లు అప్పగించి, అనారోగ్యం పాలయ్యామని వాపోయిన ఉదంతం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్దది... మొహమాటం కలిసిన భయం. డాక్టరుగారో, వార్డెన్‌గారో, సర్పంచ్‌గారో అడిగితే కాదనడం ఎలా? రేపు రేషన్‌కో, పింఛన్‌కో, పిల్ల చదువుకో వాళ్ల దగ్గరికే పోవాలి. ఇలా తలూపడాన్ని అంగీకారం అనుకుంటే పొరపాటే.

చట్టం ఏమంటోంది?

ఖమ్మం చేదు అనుభవం, సుప్రీంకోర్టు అక్షింతలు వృథా పోలేదు. 2013 నుంచి నిబంధనలు బిగిశాయి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం, చదవడం రాని మనిషి వేలిముద్ర ఒక్కటే చెల్లదు. ప్రయోగంతో సంబంధం లేని సాక్షి ఎదుట అంతా వివరించాలి, ఆ సాక్షీ సంతకం చేయాలి. నిస్సహాయ స్థితిలో ఉన్నవారు చేరే కొన్ని రకాల ప్రయోగాల్లో ఈ సంభాషణను వీడియో తీయాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. అనుమతించే ఎథిక్స్ కమిటీలో వైద్యులతోపాటు న్యాయం తెలిసినవాళ్లు, సామాన్యులు కూడా ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే పెద్దల అనుమతితో పాటు వాళ్ల ఇష్టాన్నీ అడగాలని వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. గూడెంలో కోయ తెలిసిన ఆశా కార్యకర్త నోట, సాయంత్రం పనుల నుంచి తిరిగొచ్చాక, రచ్చబండ దగ్గర వినిపించాలి. ఇవాళ చెప్పి ఇవాళే సంతకం పెట్టమనకుండా, ఇంటికెళ్లి నలుగురితో మాట్లాడుకునే వ్యవధి ఇవ్వాలి. చివరికి ఏం తేలిందో అదే రచ్చబండ దగ్గరికి వచ్చి చెప్పాలి.

సంతకానికి ముందు...

మీ ఇంట్లో ఎవరినైనా, లేదా మీ ఇంట పనిచేసే వాళ్లనైనా టీకా ప్రయోగంలో చేరమని అడిగితే ఈ ప్రశ్నలు వేయండి. అడగడం మీ హక్కు.

* ఇది ఇప్పటికే అనుమతి ఉన్న టీకానా, ఇంకా పరీక్షిస్తున్నదా?
* నాకు ఉత్తుత్తి సూది పడే అవకాశం ఉందా?
* ఎన్నిసార్లు రావాలి? దారి ఖర్చులు, పోయే కూలి ఎవరిస్తారు?
* ఒంట్లో బాగోకపోతే అర్ధరాత్రయినా ఎవరికి ఫోన్ చేయాలి? వైద్యం ఖర్చెవరిది?
* మధ్యలో మానేస్తానంటే కుదురుతుందా? మానేస్తే మామూలు వైద్యం ఆగిపోదు కదా?
* ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దీని నంబరెంత?
* అంగీకార పత్రం కాపీ నాకు ఇస్తారా?

వీటిలో ఏ ఒక్కదానికి విసుక్కున్నా, దాటవేసినా సంతకం చేయాల్సిన పనిలేదు.

ఆగిపోయిన డోసు చెప్పిన కథ

చివరగా ఓ విశేషం. ఖమ్మం కార్యక్రమంతో సంబంధం లేకుండా, అదే 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలోని 9 కేంద్రాల్లో మరో అధ్యయనం మొదలుపెట్టింది. హెచ్‌పీవీ టీకా మూడు డోసులు అవసరమా, రెండు చాలా అని తేల్చడం దాని పని. 17 వేల మందికి పైగా అమ్మాయిలు చేరారు. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన ఆదేశం దాన్నీ ఆపేసింది. దాదాపు అయిదు వేల మంది ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు.

అధ్యయనం చెడిపోయిందనే అనుకున్నారంతా. కానీ పరిశోధకులు ఆ అమ్మాయిల్ని వదల్లేదు. అమ్మాయిలూ పరీక్షలకు రావడం మానలేదు. తొమ్మిది పదేళ్లు గడిచాక చూస్తే, ప్రధానమైన క్యాన్సర్ కారక వైరస్‌ల నుంచి ఒక్క డోసు పడినవాళ్లకూ మూడు పడినవాళ్లతో సమానంగా రక్షణ ఉంది! 2021లో ఈ ఫలితం అచ్చయింది. ఇలాంటి ఆధారాలన్నీ చూసి, ఒక్క డోసు కూడా సరిపోతుందని 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. మూడు డోసులు కొనలేని పేద దేశాలకు అదెంత ఊరటో!

ఆ మేలు చేసింది ఏళ్ల తరబడి ఓపిగ్గా పరీక్షలకు వచ్చిన మన అమ్మాయిలే. అంటే, పిలిస్తే రాని జనం కాదు మనది. ఎందుకు పిలుస్తున్నారో చెప్పాలి. వద్దంటే గౌరవించాలి. వస్తే చివరిదాకా తోడుండాలి. అంతే.

ఇక ఆ 2,763 కాగితాలు... వాటి మీద సంతకం చేయాల్సిన అమ్మానాన్నలు ఎక్కడో అందనంత దూరంలో లేరు. బస్సు దిగి కొంత దూరం నడిస్తే వాళ్ల గూడెం వచ్చేది. ఆ కాస్త దూరం నడిచి, గడప ముందు కూర్చుని అడిగి ఉంటే, బహుశా చాలామంది 'సరే' అనేవారేమో!